తిరుగు దారి చూసుకున్నారా?

రక్షణ, విదేశాంగ వ్యవహారాల మీద రాస్తుంటానని తెలిసిన బంధుమిత్రుల నుంచి ఏడాదికి రెండు విడతలు నాకు ఒకే ప్రశ్న వస్తుంది. వేసవి సెలవుల ముందు ఒకసారి, దసరా ముందు మరోసారి. ‘ముక్తినాథ్ వెళ్దామనుకుంటున్నామండీ, ఇప్పుడక్కడ పరిస్థితి బాగానే ఉందా?’ ముక్తినాథ్ స్థానంలో ఒక్కోసారి కొలంబో ఉంటుంది, ఒక్కోసారి బ్యాంకాక్. అడిగేవారికి కావలసింది ఒక్క మాట: వెళ్లండి, లేదా వద్దు. ఆ ఒక్క మాట చెప్పడానికి నేను తటపటాయిస్తాను. 2025 సెప్టెంబరు 7, ఆదివారం నాడు కాఠ్‌మాండూ గురించి ఎవరైనా అడిగి ఉంటే చాలామంది ‘నిక్షేపంగా వెళ్లిరండి’ అనే చెప్పేవారు. మంగళవారం సాయంత్రానికి సింహదర్బార్ తగలబడుతోంది, విమానాశ్రయం మూతపడింది.

ఆ నాలుగైదు రోజుల వరుస చూస్తే ప్రయాణికుడికి పనికొచ్చే సంగతులు చాలా కనిపిస్తాయి. సెప్టెంబరు 4న ఓలీ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 సామాజిక మాధ్యమాలను నిలిపేసింది. నేతల పిల్లల విలాసాల మీద యువతలో అప్పటికే రగులుతున్న కోపానికి ఇది తోడైంది. 8వ తేదీన నిరసన అని ముందే ప్రకటించారు. ఆ రోజు పోలీసులు కాల్పులు జరిపారు. ఒక్కరోజులో 19 మంది చనిపోయారు. రాత్రికి నిషేధం ఎత్తేసినా ఆగ్రహం చల్లారలేదు. 9న పార్లమెంటు, సుప్రీంకోర్టు, సింహదర్బార్ మంటల్లో చిక్కుకున్నాయి. ప్రధాని రాజీనామా చేశారు. జైళ్లు బద్దలై దేశమంతటా 13 వేల మందికి పైగా ఖైదీలు బయటపడ్డారు. త్రిభువన్ అంతర్జాతీయ విమానాశ్రయం మూసేసి, మర్నాడు సాయంత్రం తెరిచారు. మొత్తం మృతుల సంఖ్య 70 దాటింది.

నేపాల్ ప్రయాణాలు వాయిదా వేసుకోండి, అక్కడున్నవారు ఉన్నచోటే ఉండండి అని మన విదేశాంగ శాఖ చెప్పింది కూడా ఆ 9వ తేదీనే. అప్పటికి కాఠ్‌మాండూలో, పోఖరాలో, టిబెట్ సరిహద్దున ఉన్న సిమికోట్‌లో వందల మంది తెలుగువారు చిక్కుకుని ఉన్నారు. పశుపతినాథుడి దర్శనం చేసుకుని సోనౌలీ వైపు తిరిగొస్తున్న ఆంధ్రప్రదేశ్ యాత్రికుల బస్సు మీద మూకలు దాడి చేసి సామాను దోచుకున్నాయని వార్తలొచ్చాయి. 11న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రత్యేక విమానంలో చాలామంది విశాఖపట్నం, తిరుపతి చేరుకున్నారు.

ఇక్కడ ఒక లెక్క గమనించాలి. శ్రీలంకలో 2022 మార్చి 31న గొటబాయ రాజపక్స ఇంటి ముందు నిరసన మొదలైంది. జనం అధ్యక్ష భవనంలోకి చొరబడింది జులై 9న. మధ్యలో మూడు నెలలకు పైగా వ్యవధి ఉంది. బంగ్లాదేశ్‌లో రిజర్వేషన్ల మీద విద్యార్థుల ఆందోళన 2024 జులై 1న మొదలైతే, ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచారు. అంటే అయిదు వారాలు. నేపాల్‌లో ఆ వ్యవధి రెండు రోజులకు కుంచించుకుపోయింది. మూడేళ్లలో మన చుట్టూ మూడు రాజధానులు ఇలా కూలాయి, ప్రతిసారీ విదేశీ ప్రయాణికుడికి దొరికే గడువు తగ్గుతూ వచ్చింది. వారం ముందు టికెట్ తీసుకుని, వార్తలు చూసి ఆఖరి నిమిషంలో రద్దు చేసుకోవచ్చన్న పాత లెక్క ఇప్పుడు పనిచేయదు. అందుకే నన్ను అడిగినవారికి నేను ఎదురు ప్రశ్న వేస్తున్నాను: అక్కడ తలుపులు మూసుకుంటే ఏ దారిన బయటపడతారు? దానికి ఎన్ని గంటలు పడుతుంది?

కాఠ్‌మాండూకే ఈ ప్రశ్న వేసి చూద్దాం. నేపాల్‌కు అంతర్జాతీయ రాకపోకలు దాదాపు అన్నీ త్రిభువన్ విమానాశ్రయం నుంచే. దానికి ఉన్నది ఒకటే రన్‌వే. 2015 మార్చి 4న టర్కిష్ ఎయిర్‌లైన్స్ విమానం దిగుతూ పక్కకు జారి ఆగిపోతే, దాన్ని తొలగించేదాకా సుమారు నాలుగు రోజులు దేశానికి అంతర్జాతీయ విమానాలు లేకుండా పోయాయి. అల్లర్లు లేవు, భూకంపం లేదు. రన్‌వే మీద ఒక్క విమానం అడ్డం పడింది, అంతే. భైరహవాలో 2022లో, పోఖరాలో 2023లో అంతర్జాతీయ విమానాశ్రయాలు తెరిచారు గానీ అక్కణ్నుంచి విదేశాలకు నడిచే సర్వీసులు బహు తక్కువ. ఇక మిగిలింది రోడ్డు. లోయలోంచి దక్షిణానికి దిగే దారులు కొండచరియల పాలబడేవి. 2024 సెప్టెంబరు ఆఖరున కుండపోత వానలకు 200 మందికి పైగా చనిపోయినప్పుడు కాఠ్‌మాండూ నుంచి బయటకు వెళ్లే రహదారులు తెగిపోయాయి. 2025 జులై 8న భోటేకోశి వరద రసువాగఢీ దగ్గర నేపాల్, చైనాలను కలిపే మైత్రీ వంతెనను కొట్టుకుపోయింది. కైలాస మానససరోవర యాత్రకు ప్రైవేటు ఆపరేటర్లు ఎక్కువగా వాడే దారి అదే. సిమికోట్ సంగతి మరీ విడ్డూరం. మన యాత్రికులు అక్కడికి చేరేది నేపాల్‌గంజ్ నుంచి చిన్న విమానాల్లో. మబ్బు పడితే అవీ ఎగరవు. రాజధానిలో ఏ గొడవా లేకపోయినా రెండు రోజులు అక్కడే కూర్చోవలసి వస్తుంది.

ఇవన్నీ చదివి నేపాల్ వెళ్లొద్దంటున్నానని అనుకోకండి. అక్కడికి వెళ్లేవారు తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు వెసులుబాటు పెట్టుకోవాలని, రెండో దారి ఏదో ముందే తెలుసుకోవాలని మాత్రమే నా మాట. హోటల్ ఎంచుకోవడంలోనూ ఇదే చూపు ఉండాలి. పెద్ద హోటల్ అయితే భద్రంగా ఉంటుందని చాలామంది నమ్మకం. ముంబయిలో 2008లో, కొలంబోలో 2019లో ఉగ్రవాదులు వెతుక్కుంటూ వెళ్లింది పెద్ద హోటళ్లకే. కాఠ్‌మాండూలో అల్లరి మూకలు నిప్పుపెట్టిన వాటిలో హిల్టన్ ఒకటి. పార్లమెంటుకు, సచివాలయానికి, పార్టీల ప్రధాన కార్యాలయాలకు దూరంగా, విమానాశ్రయానికి రెండు మూడు దారులున్న పేటలో ఒక మోస్తరు హోటల్ మేలు.

మరి ప్రభుత్వాల హెచ్చరికలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అయితే వాటిని ఎలా చదవాలో తెలియాలి. అమెరికా 2018 జనవరి నుంచి ప్రతి దేశానికీ ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలు ప్రకటిస్తోంది. ఒకటి అంటే మామూలు జాగ్రత్త చాలు, నాలుగు అంటే వెళ్లొద్దు. మన దేశాన్ని రెండో స్థాయిలో ఉంచి, జమ్మూకశ్మీర్‌కు, పాక్ సరిహద్దు వెంబడి 10 కిలోమీటర్ల పట్టీకి నాలుగో స్థాయి ఇస్తుంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని అది చదివితే మనకు నవ్వొస్తుంది, కాస్త కోపమూ వస్తుంది. ఆ పట్టిక మన గురించి ఎంత మోటుగా ఉందో ఇతర దేశాల గురించీ అంతే మోటుగా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. ఊరు, జిల్లా, రహదారి స్థాయికి దిగి చూడాల్సిన పని మనదే.

మన విదేశాంగ శాఖకు అలాంటి శాశ్వత పట్టిక లేదు. సంక్షోభం వచ్చినప్పుడు ఒక ప్రకటన వస్తుంది. ఆ ప్రకటన రాసేవారికి రెండు బాధ్యతలుంటాయి: మన పౌరుణ్ని హెచ్చరించాలి, ఆతిథ్య దేశాన్ని నొప్పించకూడదు. మిత్రదేశం రాజధాని కూలిపోబోతోందని ఏ రాయబారీ బహిరంగంగా చెప్పలేడు. కొన్నిసార్లు ప్రయాణ సూచనే కయ్యానికి సాధనమవుతుంది. 2023 సెప్టెంబరులో నిజ్జర్ హత్య మీద ట్రూడో ఆరోపణ చేసిన రెండు రోజులకే, కెనడాలోని మనవాళ్లు అత్యంత జాగ్రత్తగా ఉండాలని దిల్లీ ప్రకటించింది. ఒట్టావా కూడా తన పౌరులకు భారత్ గురించి హెచ్చరిక సవరించింది. ఆ వారంలో టొరంటో వీధుల్లో మన విద్యార్థికి ప్రమాదం ఎంత పెరిగిందో ఆ ప్రకటనలతో అంచనా వేయడం కుదరని పని.

ఉక్రెయిన్ ఉదంతాన్ని అందుకే నేను పదేపదే ప్రస్తావిస్తుంటాను. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని మన ఎంబసీ, ఉండటం తప్పనిసరి కానివారు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లే విషయం ఆలోచించుకోవచ్చని సూచించింది. 20న స్వరం పెంచింది. 22న, ఆన్‌లైన్ తరగతులపై యూనివర్సిటీల జవాబు కోసం ఎదురుచూడకుండా బయల్దేరమంది. 24 తెల్లవారుజామున రష్యా దాడి మొదలై గగనతలం మూసుకుపోయింది. కీవ్ వెళ్తున్న ఎయిరిండియా విమానం దారిలోంచే వెనుదిరిగింది. తొమ్మిది రోజుల్లో మూడు సూచనలు. ‘ఆలోచించుకోవచ్చు’ అన్న మెత్తటి మాటను విద్యార్థులు మెత్తగానే తీసుకున్నారు. హాజరు పోతుందని కళాశాలలు, ఏమీ కాదని ఏజెంట్లు, చుక్కలనంటిన టికెట్ ధరలు వారిని ఆపేశాయి. తెలుగు రాష్ట్రాల పిల్లలు వారిలో తక్కువేం లేరు. చివరికి ఆపరేషన్ గంగలో 90 విమానాలు నడిపి, పొరుగు దేశాల మీదుగా దాదాపు 22,500 మందిని తీసుకురావలసి వచ్చింది.

అదే సమయంలో మాటలకు బదులు చేతలను చూసినవారికి బొమ్మ స్పష్టంగా కనిపించింది. జనవరి 23నే అమెరికా తన దౌత్యవేత్తల కుటుంబాలను కీవ్ నుంచి వెళ్లిపొమ్మంది. ఫిబ్రవరి 12న డచ్చి విమానయాన సంస్థ కేఎల్ఎం ఉక్రెయిన్‌కు సర్వీసులు ఆపేసింది. ప్రకటన రాయడానికి ఖర్చుండదు. కుటుంబాలను తరలించడానికి, టికెట్ల డబ్బు వదులుకోవడానికి ఖర్చవుతుంది. ఎవరు ఖర్చు పెట్టి వెళ్లిపోతున్నారో చూడాలి. 2025 జూన్ 11న బాగ్దాద్ ఎంబసీలోని అత్యవసరం కాని సిబ్బందిని అమెరికా వెనక్కి రప్పించింది. 13న ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడులు మొదలయ్యాయి. ఇరాన్‌లో మన వైద్య విద్యార్థులను ఆర్మేనియా మీదుగా తీసుకురావడంతో ఆపరేషన్ సింధు ప్రారంభమైంది. ఆ రెండు రోజుల్లో టెహ్రాన్‌కు టికెట్ కొన్నవారు ఇలాంటి చిన్న వార్త చదివి ఉంటే బాగుండేది.

‘ఏమైనా అయితే ప్రభుత్వం విమానం పంపుతుందిలే’ అన్న ధీమా మన దగ్గర పెరిగింది. పంపుతుంది, నిజమే. మన వాయుసేన ఈ పనిలో సాధించిన నైపుణ్యం గర్వించదగ్గది. 2023 ఏప్రిల్‌లో సూడాన్ అంతర్యుద్ధంలో ఖార్టూమ్‌కు ఉత్తరాన వాదీ సయ్యిద్నా ఎయిర్‌స్ట్రిప్‌లో, ల్యాండింగ్ లైట్లు కూడా లేని చోట, నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకుని మన పైలట్లు సీ-130జే విమానాన్ని దించి 121 మందిని తెచ్చారు. కానీ ఆపరేషన్ కావేరిలో ఎక్కువమంది పోర్ట్ సూడాన్ దాకా, అంటే 800 కిలోమీటర్లకు పైగా, బస్సుల్లో తమ ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవారే. విమానం దిగాలంటే గగనతలానికి అనుమతి కావాలి, నేల మీద ఎవరో ఒకరి అదుపు ఉండాలి, మీరు ఆ రన్‌వే దాకా చేరాలి. ఈ మూడో భాగం వాయుసేన చేతిలో ఉండదు.

అల్లర్ల గురించి ఇంత చెప్పాను గానీ, నేపాల్ వెళ్లే మన యాత్రికుణ్ని నిజంగా పొట్టనబెట్టుకునేవి ఇంకా మామూలు విషయాలు. 2024 ఆగస్టు 23న తనహూ జిల్లాలో మర్స్యాంగ్దీ నదిలో మహారాష్ట్ర యాత్రికుల బస్సు పడి 27 మంది చనిపోయారు. అదే ఏడాది జులైలో చిత్వన్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. 2023 జనవరి 15న పోఖరాలో యతి ఎయిర్‌లైన్స్ విమానం కూలి అందులో ఉన్న 72 మందీ మరణించారు. వారిలో అయిదుగురు భారతీయులు. నేపాల్ విమాన సంస్థలను ఐరోపా యూనియన్ 2013లోనే తన గగనతలంలోకి రాకుండా నిషేధించింది. ఇవి కదిలించే వార్తలుగా రెండు రోజులు ఉండి పోతాయి, రాజధాని తగలబడిన దృశ్యంలా మనసులో నిలవవు. ‘ఇప్పుడక్కడ గొడవలేమైనా ఉన్నాయా?’ అని అడిగేవారు ఎందరో. బస్సు రాత్రిపూట నడుపుతారా, రెండో డ్రైవరు ఉన్నాడా, జులై ఆగస్టుల్లో ముగ్లిన్ రోడ్డు ఎలా ఉంటుంది అని నన్ను ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. ముక్తినాథ్ 3,700 మీటర్ల ఎత్తున ఉంది. అరవై దాటిన దంపతులు పోఖరాలో పొద్దున బయల్దేరి సాయంత్రానికి అక్కడికి చేరాలనుకుంటే, ఎత్తు మీద శరీరం అలవాటు పడే సమయం ఎక్కడుంది? వీరికి జెన్-జీ ఉద్యమం కన్నా ఆక్సిజన్ సమస్య దగ్గరది.

ఎక్కడికి సులువుగా వెళ్లగలమో అక్కడి గురించే మనం తక్కువ వాకబు చేస్తాం. అమెరికా వెళ్లేవారు వీసా కోసం ఏడాది చదువుతారు. 1950 నాటి ఒప్పందం పుణ్యమా అని నేపాల్‌కు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లినా ఓటరు కార్డు చాలు. కానీ ఓటరు కార్డుతో వెళ్లినవారికి భారత్ వైపు దారి ఒక్కటే తెరిచి ఉంటుంది. కాఠ్‌మాండూ నుంచి దిల్లీకి సీట్లు దొరకని రోజున దోహా మీదుగానో, బ్యాంకాక్ మీదుగానో రావాలంటే పాస్‌పోర్టు ఉండాలి. నేపాలే కదా అని ఇంట్లో బీరువాలో పెట్టి వెళ్లొద్దు. థాయ్‌లాండ్ కూడా 2023 నవంబరు నుంచి మనవారికి వీసా తీసేసింది. ఆ వెసులుబాటునే వాడుకుని ఉద్యోగాల పేరిట యువకులను బ్యాంకాక్‌కు రప్పించి, మేసోట్ మీదుగా మయన్మార్‌లోని సైబర్ మోసాల కేంద్రాలకు చేర్చిన ముఠాల గురించి ఈ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2025 మార్చి 10, 11 తేదీల్లో వాయుసేన విమానాలు అక్కణ్నుంచి 549 మందిని తెచ్చాయి. ఉద్యోగం ఇస్తామన్నవారు టూరిస్టుగా రమ్మంటే, ఆ దేశం ఎంత ప్రశాంతమైనదైనా ప్రయాణం మానుకోవడమే మంచిది.

సమాచారం తెగిపోవడాన్నీ లెక్కలో పెట్టుకోవాలి. 2024 జులై 18 రాత్రి ఢాకాలో ఇంటర్నెట్ ఆగిపోయింది. మొబైల్ డేటా పది రోజులకు గానీ రాలేదు. అప్పటికి అక్కడ సుమారు 8,500 మంది భారతీయ విద్యార్థులున్నారు. వారిలో వేల మంది అగర్తల, మేఘాలయ సరిహద్దుల గుండా నేల దారిన వచ్చారు. గూగుల్ మ్యాప్ తెరుచుకోదు, వాట్సాప్ మోగదు, ఫోన్‌తో చెల్లింపులు సాగవు. కాగితం మీద రాసుకున్న చిరునామా, జేబులో స్థానిక కరెన్సీ, ఇంటి నంబరు కంఠతా రావడం ఆ రోజు పనికొస్తాయి. ప్రయాణ బీమా తీసుకున్నవారు మినహాయింపుల పేజీ ఒక్కసారి చదవాలి. చాలా పాలసీలు యుద్ధాన్ని, పౌర కల్లోలాన్ని, ఒక ఎత్తు దాటిన పర్వత ప్రయాణాన్ని, ప్రభుత్వం వద్దన్నాక వెళ్లిన చోటును పక్కన పెడతాయి. హెలికాప్టర్ తరలింపు ఖర్చు అందులో ఉందో లేదో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇక ప్రభుత్వాల వైపు నుంచి ఒక లోటు ఉంది, అది భద్రతాపరమైనది కూడా. మనకూ నేపాల్‌కూ మధ్య 1,751 కిలోమీటర్ల తెరిచిన సరిహద్దు. పాస్‌పోర్టుపై ముద్ర పడదు కాబట్టి, ఒక రోజున ఎంతమంది భారతీయులు ఆ దేశంలో ఉన్నారో దిల్లీకి తెలియదు. జైళ్ల నుంచి పారిపోయిన ఖైదీలను ఎస్‌ఎస్‌బీ జవాన్లు సరిహద్దులో ఒక్కొక్కరినే పట్టుకోవలసి వచ్చిందీ, మన యాత్రికుల జాబితాను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫోన్ల మీద కూడబెట్టుకోవలసి వచ్చిందీ ఒకే కారణం వల్ల. రాకపోకల స్వేచ్ఛను తగ్గించమని నేననను, అది రెండు దేశాల జనానికీ తరతరాల ఆస్తి. మన ఎంబసీలో స్వచ్ఛందంగా నమోదు చేయించుకునే పద్ధతి ఎలాగూ ఉంది. దాన్ని బృందంగా వెళ్లే యాత్రికుల విషయంలో టూర్ ఆపరేటర్లకు తప్పనిసరి చేస్తే చాలు. ఆ నిబంధన వచ్చేదాకా ఆగనక్కర్లేదు. బస్సు కదిలే ముందు అందరి పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ రోజు ఏ ఊళ్లో బస అన్నది ఒక కాగితం మీద రాసి కాఠ్‌మాండూ ఎంబసీకి మెయిల్ చేయడానికి పది నిమిషాలు పడుతుంది. దాని నకలు ఒకటి ఇంటి దగ్గర ఉన్నవారికిచ్చి, మరొకటి డ్రైవరు దగ్గర ఉంచాలి.